ఘాటు మీద నింద

ప్రత్తిపాడు,
24 ఫిబ్రవరి 2025

అమ్మాయ్ నస్రత్,

నీ మీదా, నీ కడుపులో ఉన్న బిడ్డ మీదా అల్లా చల్లని చూపు ఉండాలి. మీ అమ్మ నసీమున్నీసాకు నా సలాం చెప్పు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు చూశావుగా, "బాగున్నావా" అనేలోపే దగ్గు తెర ముంచుకొచ్చింది. ఆపైన నేను దగ్గడం, నువ్వు "అత్తమ్మా, అత్తమ్మా" అనడం, అంతే. నాలుగైదు రోజులుగా ఇదే వరస. ఈ ఏడు మన చుట్టుపక్కల బాగా ఘాటుండే తేజ రకం మిరప ఎక్కువ వేశారు. తొడిమలు తీసే షెడ్డులో ముప్పైమందిమి కూర్చుంటే ముప్పైమందిమీ దగ్గుతున్నాం. మిరప ఘాటుకి మందేముంది, సీజను అయ్యాక అదే పోతుంది. సలీం ఫోన్‌కి మెసేజీలు పెట్టుకోవచ్చుగా అంటావేమో. నీ మొగుడు వారంలో నాలుగు రోజులు మిర్చి లారీ మీదే ఉంటాడు. అయినా అత్తాకోడళ్ళ మాటలు వాడెందుకు చదవాలి. నేను ఏడో తరగతి వరకు చదివినదాన్ని, నా దస్తూరీ ఇంకా చెడిపోలేదు.

తొమ్మిదో నెలలో పుట్టింటికి తీసుకెళ్తామంటే వినకుండా ఏడో నెలలోనే నిన్ను తరిమేశానని మీ అమ్మ నొచ్చుకుందట. తరిమేశాననే అనుకోనీ. మన ఇంటికి మూడు పక్కలా మిరప కల్లాలే. పచ్చిబిడ్డకి ఘాటు తగలకూడదు. దర్శిలో మీ వీధిలో ఆ బెడద లేదు. కాయలన్నీ టిక్కీ బస్తాల్లోకెక్కి కోల్డ్ స్టోరేజీ చేరేదాకా నువ్వూ బిడ్డా ఇటు తొంగి చూడొద్దు. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

పక్కింటి వీరమ్మ మనవడికి నెల దాటింది. పొద్దస్తమానం ఏడుస్తున్నాడని నా దగ్గరికి తెచ్చింది. దువా చదివి ముఖం మీద ఊదాను. ఊదీ ఊదగానే నిద్రపోయాడు. హిందువులైనా, కిరస్తానీలైనా ఊళ్ళో పిల్లాడు గుక్కపట్టాడంటే నా గడపే తొక్కుతారు, నీకు తెలియంది కాదు. నీ బిడ్డ పుట్టిన రోజునే దర్శి వస్తాను. మొదట దువా ఊదేది నేనే.

వేళకి తిను. మీ అమ్మ చేతి వంట నాకంటే బాగుంటుందని నాకు రాయక్కర్లేదు.

నీ అత్త,
ఖాదర్‌బీ


దర్శి,
28 ఫిబ్రవరి

అత్తమ్మకు,

మీ కోడలి సలాం. మీ ఉత్తరం వచ్చిందని అమ్మ వీధిలో నలుగురికీ చూపించింది. అత్తగారి చేతిరాతతో ఉత్తరం అందుకున్న కోడలు దర్శి మొత్తం మీద నేనొక్కదాన్నేనట. అమ్మ వంట గురించి రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మీరు ఫోన్లో మాట్లాడితే దగ్గు ఎక్కువవుతోంది కాబట్టి నేనూ ఉత్తరమే రాస్తాను. ఇంతకీ దగ్గు ఎలా ఉంది?

మొన్న ఇక్కడి లేడీ డాక్టర్ దగ్గర చూపించుకున్నాను. అంతా బాగుందన్నారు. అక్కడ దేవకుమారి అని పెద్ద నర్సు ఉన్నారు, ఇరవై ఏళ్ళుగా పురుళ్ళు పోస్తున్నారు. నా తల్లీబిడ్డల కార్డు తిరగేసి, రెండు సూదులు పడ్డాయి, మంచిదే, కానీ ఇవి ధనుర్వాతానికీ కంఠసర్పికీ పనికొస్తాయి, కోరింత దగ్గుకి పనికిరావు అన్నారు. దానికి వేరే టీకా ఉందట. ఏడో నెల మొదలు తొమ్మిదో నెల మొదటిదాకా వేయించుకుంటే మంచిదట. నాకిప్పుడు ముప్పై రెండు వారాలు, సరైన సమయం. టీకా పడ్డాక నా ఒంట్లో తయారయ్యే రక్షణ మాయ ద్వారా బిడ్డకి చేరుతుంది. పుట్టాక బిడ్డకి సొంతంగా మొదటి టీకా వేసేది నెలన్నరకే కదా. ఆ నెలన్నరా బిడ్డకి ఆ దగ్గు సోకకుండా ఆపేది నేనిచ్చిందే. సర్కారు ఆసుపత్రిలో ఇది వేయరు. ఒంగోలు నుంచి ఐసు పెట్టెలో తెప్పిస్తామన్నారు.

మీ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. "అమ్మని అడుగు" అన్నారు. ఆయన ఎప్పుడైనా వేరే మాట అన్నారా? సరే, అడుగుతున్నాను. అడుగుతున్నానంటే మీరు వద్దంటే మానేస్తానని కాదు. మీకు చెప్పకుండా వేయించుకోవడం నాకు ఇష్టం లేదు.

ఎల్లుండి నుంచి రంజాను ఒక్కపొద్దులు. ఈ దగ్గుతో మీరు ఉండకపోతేనే నయమని అమ్మ అంటోంది.

మీ
నస్రత్


ప్రత్తిపాడు,
4 మార్చి

నస్రత్‌కు,

నీ ఉత్తరం అందింది. రంజాను మూడో పొద్దు మీద కూర్చుని రాస్తున్నాను. పెళ్ళై వచ్చిన ముప్పై ఎనిమిదేళ్ళలో జబ్బు పేరు చెప్పి ఒక్క పొద్దు విడవలేదు, ఇప్పుడు దగ్గొచ్చిందని విడుస్తానా.

ఆ రెండు సూదులూ నేను దగ్గరుండి వేయించాను. ఆశా అమ్మాయి నా కళ్ళ ముందే కార్డు మీద టిక్కు పెట్టింది. ఆడదానికి కడుపుతో ఉన్నప్పుడు రెండు సూదులు అని ఊరంతటికీ తెలుసు. ఈ మూడోది ఎక్కడిది? సర్కారు వాళ్ళకి తెలియని జబ్బు దర్శి నర్సమ్మకి తెలిసిందా? ఎనిమిదో నెలలో లేనిపోని మందు ఒంట్లోకి ఎక్కించుకుని జ్వరం వస్తే ఎవరు దిక్కు?

కోరింత దగ్గు బడికెళ్ళే పిల్లలకి వచ్చేది. నేను చూడలేదా. బడి మాని, సందులో నిలబడి కుక్కపిల్లల్లా దగ్గేవాళ్ళు, కొన్నాళ్ళకి తగ్గేది. గడప దాటని పాలబిడ్డకి అది ఎక్కడినుంచి వస్తుంది? బిడ్డకి శత్రువు ఘాటు. దాని నుంచి దూరంగా నిన్ను పంపాను. నా పని నేను చేశాను, నువ్వు కుదురుగా ఉంటే చాలు.

దగ్గు సంగతి అడిగావు. షెడ్డులో మిగతా వాళ్ళ దగ్గు ఇంటికెళ్ళి నీళ్ళు పోసుకుంటే పోతుందట. నాది మాత్రం నాతో పాటే ఇంటికొస్తుంది. తెర వచ్చిందంటే ఊపిరి అందదు, చివర్లో ఈడ్చుకుని పీల్చాలి. దగ్గి దగ్గి తెల్లవారుజామున సహరీ తిన్నది మొన్న వాంతి అయిపోయింది. పొద్దు ఉందో పోయిందో అని మసీదు హజ్రత్‌ని అడిగిస్తే, తనంతట వచ్చిన వాంతికి పొద్దు పోదన్నారు. ఆ మాట విన్నాక ప్రాణం కుదుటపడింది. పక్కటెముక ఒకటి పట్టేసింది, అంతే.

వీరమ్మ మనవడికి జలుబు చేసింది. నెలన్నర సూదికి తీసుకెళ్ళాల్సింది, జలుబు తగ్గాక చూద్దామని ఆగారు. నేను రోజూ ఊదుతూనే ఉన్నాను.

మూడో సూది మాట ఇక ఎత్తకు.

ఖాదర్‌బీ


దర్శి,
8 మార్చి

అత్తమ్మా,

మీరు కోప్పడతారని తెలిసే రాస్తున్నాను. గురువారం టీకా వేయించుకున్నాను. ఒక రోజు జబ్బ నొప్పి పెట్టింది, జ్వరం రాలేదు. బిడ్డ ఎప్పటిలాగే తంతోంది.

మీ ఉత్తరం వచ్చాకే వెళ్ళాను. మీకు తెలియకుండా దొంగచాటుగా చేయలేదు. మీరు వద్దన్నారు, నేను వేయించుకున్నాను. ఇది నా ఒళ్ళు, నా బిడ్డ. మీరైనా నా స్థానంలో ఉంటే ఇదే చేసేవారు, నాకా నమ్మకం ఉంది.

రెండో సంగతి దీనికంటే కష్టమైనది. సూది వేసే ముందు దేవకుమారి సిస్టర్ మా అత్తగారు ఏమన్నారని అడిగారు. మీ ఉత్తరం నా సంచిలోనే ఉంటే చదివి వినిపించాను. దగ్గు గురించి మీరు రాసిన దగ్గర ఆవిడ చేతిలో పని ఆపేసి, ఆ నాలుగు వాక్యాలూ మళ్ళీ చదవమన్నారు. తర్వాత లోపలికెళ్ళి డాక్టరమ్మతో మాట్లాడి వచ్చారు. మీది ఘాటు దగ్గులా లేదట. ఘాటుకి వచ్చిన దగ్గు ఘాటు దగ్గరే ఆగుతుంది, ఇంటికి రాదు. తెర తెరగా రావడం, చివర ఊపిరి ఈడ్చుకోవడం, వాంతి, ఇవన్నీ కోరింత దగ్గు గుర్తులట. అది పెద్దవాళ్ళకీ వస్తుంది. పెద్దవాళ్ళ ప్రాణం మీదికి రావడం తక్కువ. వాళ్ళ నుంచి పచ్చిబిడ్డలకి సోకితేనే ముప్పు.

కాబట్టి రేపే గుంటూరు వెళ్ళి గొంతు పరీక్ష చేయించుకోండి. మందు అయిదు రోజుల మాత్రలే. అవి అయ్యేదాకా ఊళ్ళో పిల్లల ముఖం మీద ఊదొద్దు. దువా చదవండి, సిస్టర్ కూడా అదే అన్నారు, ఊపిరి మాత్రం బిడ్డ మీదికి పోనివ్వొద్దన్నారు. ఆవిడ కూడా ప్రార్థన చేసే మనిషే.

ఒకవేళ మీరు మందు వేసుకోకుండా ఉంటే, బిడ్డ పుట్టిన రోజున మీరు ఇక్కడికి రావద్దు. ఈ మాట రాయడానికి నాకు రెండు కాగితాలు పాడయ్యాయి.

నస్రత్


ప్రత్తిపాడు,
12 మార్చి

నస్రత్‌కు,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెడదామనుకుని, మళ్ళీ మడిచి దాచాను.

రావద్దని రాశావు. ఈ ఇంట్లో అడుగు పెట్టి రెండేళ్ళు కాలేదు, నన్ను నా మనవడి దగ్గరికి రావద్దని రాశావు. ఊరందరి పిల్లలకి పనికొచ్చిన ఊపిరి నా మనవడికి విషమైందా? ఎవరో నర్సమ్మ నన్ను చూడకుండా, నా చెయ్యి పట్టుకోకుండా, కాగితం మీద నా జబ్బు కనిపెట్టింది. నువ్వు నమ్మావు. మీ అమ్మ పక్కనుండి రాయించిందేమో అని కూడా అనుకున్నాను, కానీ ఆ తెగింపు మాటలు నీవే, నాకు తెలుసు.

సూది వేయించుకున్నావు. సరే. నన్ను అడిగి, నేను వద్దంటే వేయించుకున్నావు. అడగడం ఎందుకు మరి?

నాకున్నది ఘాటు దగ్గు. మిరపకాయల మధ్య పుట్టి, వాటి మధ్యే ముసలిదాన్నయ్యాను. నాకు తెలియదా. వీరమ్మ మనవడికీ అదే పట్టింది. కల్లం వాళ్ళ గుమ్మం ముందే ఉంది, ఉయ్యాల లోపలి గదిలోకి మార్చమని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. పాలు సరిగా తాగడం లేదు. నిన్న కూడా ఎత్తుకుని ఊదాను.

బిడ్డ పుట్టిన రోజునే వస్తాను. దర్శి బస్సు ఎక్కకుండా నన్ను ఎవరు ఆపుతారో చూస్తాను.

ఖాదర్‌బీ


దర్శి,
17 మార్చి

అత్తమ్మకు,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. అమ్మ చదివి నన్ను తిట్టింది. మీ అబ్బాయి ఫోన్ చేసి, అమ్మ అన్నం తినడం లేదు, ఏం రాశావు నువ్వు అని అడిగారు. మీ అమ్మనే అడగమన్నాను. అత్తాకోడళ్ళ మాటలు ఆయనకెందుకని మీరే రాశారు.

రండి. బిడ్డ పుట్టిన రోజునే రండి. రావద్దనే హక్కు నాకు లేదని అమ్మ అంటోంది. హక్కు సంగతి నాకు తెలియదు కానీ, మీరు రాకపోతే నాకు బాగుండదు. ఆ ఒక్క మాటకి మన్నించండి. టీకా వేయించుకున్నందుకు మాత్రం మన్నించమని అడగను.

మాత్రలు వేసుకుని వస్తే నా ప్రాణం కుదుటపడుతుంది. ఇంతకంటే ఏమీ రాయను.

మీ కోడలు


ప్రత్తిపాడు,
18 మార్చి

నస్రత్,

వీరమ్మ మనవడిని శనివారం గుంటూరు ఆసుపత్రిలో చేర్చారు. అద్దాల గదిలో పెట్టారు. లోపలికి ఎవరినీ పోనివ్వడం లేదు.

నేను షెడ్డుకి పోవడం మానేశాను.

నేను దర్శి రాను. బిడ్డ పుట్టినా రాను. ఎందుకని అడగొద్దు. సలీంని అడిగినా ప్రయోజనం లేదు, వాడికి తెలియదు. మీ అమ్మ నిన్ను బాగా చూసుకుంటుంది.

ఖాదర్‌బీ


దర్శి,
20 ఏప్రిల్

అత్తమ్మా,

మీకు మనవరాలు పుట్టింది. బుధవారం పొద్దున తొమ్మిదింటికి. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. మామూలు కాన్పే. దేవకుమారి సిస్టర్ చేతుల్లోనే పుట్టింది. నుదురు మీ అబ్బాయిది, పట్టుదల ఎవరిదో ఇంకా తేలలేదు, ఆకలేస్తే మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది.

మీ పద్దెనిమిదో తారీకు ఉత్తరం, రండి అని నేను రాసిన ఉత్తరం ఒకదానికొకటి ఎదురొచ్చినట్టున్నాయి. నాది చదివాక మనసు మార్చుకుంటారని చూశాను. తర్వాత ఇంకో రెండు రాశాను. పండక్కి సేమ్యా, కొత్త చీర మీ అబ్బాయితో పంపారు, ఒక్క ముక్క రాసి పంపలేదు. మొన్న ఆయన వచ్చి బిడ్డను చూసి వెళ్ళారు. మీరేరని అడిగితే, "అమ్మ రానంటోంది, నన్ను చంపకండి ఇద్దరూ" అన్నారు.

ఇది నా మీద కోపమే అని నాకు అర్థమైంది. రావద్దని ఒకసారి నేను అన్నందుకు, ఇక రానని మీరు పంతం పట్టారు. నేను ఆ మాట వెనక్కి తీసుకున్నాను కదా. ఇంట్లో వాళ్ళు ఇంకో మాట కూడా అంటున్నారు. మీరు మనవడు మనవడు అని రాశారు, ఇప్పుడు ఆడపిల్ల పుట్టిందని అలిగారని. మీరు అలాంటి మనిషి కాదని వాళ్ళతో పోట్లాడాను. కానీ అయిదో రోజు కూడా గుమ్మంలోకి చూసి చూసి, నాకే అనుమానం వచ్చింది.

నా మీద ఎంత కోపమైనా పెట్టుకోండి. దాని మీద వద్దు. అది మిమ్మల్ని ఏమీ అనలేదు.

వీరమ్మ గారి మనవడు ఎలా ఉన్నాడో ఆయనకి సరిగా తెలియదట. రాయండి.

నస్రత్


ప్రత్తిపాడు,
25 ఏప్రిల్

అమ్మా నస్రత్,

నా మనవరాలికి నూరేళ్ళు. ఆడపిల్లని అలిగాననుకున్నారా? ఆ మాట చదివి ఉత్తరం బోర్లా పెట్టాను. కారణం చెప్పకుండా దాస్తే ఇలాంటివే పుడతాయి. ఇక దాచను. ఇందులో రాసేది సలీంకి కూడా తెలియదు.

ఆ శనివారం వీరమ్మ మనవడు పాలు తాగుతూ తాగుతూ ఊపిరి ఆపేశాడు. నీలంగా అయిపోయాడు. వీపు తడితే మళ్ళీ పీల్చాడు. వాళ్ళతో పాటు నేనూ ఆటో ఎక్కాను. ఆసుపత్రిలో వీరమ్మ కూతురు "మిరప ఘాటు పట్టిందండీ" అని చెప్పింది. ఆ డాక్టరు చిన్నవాడే, సలీం ఈడు ఉంటాడు. "ఘాటు కాదమ్మా, ఇది కోరింత దగ్గు" అన్నాడు. "బిడ్డ దగ్గనే లేదే" అన్నాను నేను. "ఇంత చిన్నపిల్లల్లో చాలామందికి దగ్గు రాదమ్మా. ఊపిరి ఆపేస్తారు, నీలమైపోతారు" అన్నాడు.

నస్రత్, అలా నీలమైపోయిన బిడ్డను నేను అంతకు ముందు చూశాను. ఆ బిడ్డ నాది.

సలీం కంటే తొమ్మిదేళ్ళ ముందు నాకొక ఆడపిల్ల పుట్టింది. సరిగ్గా మిరప కోతల్లో. ఇరవై రోజుల బిడ్డను గుడ్డలో చుట్టుకుని కల్లానికి పోయాను. పోకపోతే ఆ రోజుల్లో జరిగేది కాదు. కాయలు ఆరబోసిన చోటికి పది అడుగుల దూరంలో పడుకోబెట్టి పని చేశాను. వారం తిరగకుండా మొదలైంది. దగ్గు లేదు, జ్వరం లేదు. ఊపిరి ఆగేది, నీలమయ్యేది, ఎత్తి ఊపితే మళ్ళీ పీల్చేది. మూడుసార్లు అలా తిరిగొచ్చింది. నాలుగోసారి రాలేదు. "కల్లానికి మోసుకుపోయి ఘాటు పట్టించి చంపుకున్నావు" అంది మా అత్త. ఆమె ఒక్కసారే అంది. నేను ముప్పై ఏడేళ్ళుగా రోజూ అనుకుంటూనే ఉన్నాను. నిన్ను ఏడో నెలలోనే తరిమేసింది అందుకే. మీ అమ్మకి చెప్పు.

ఆ డాక్టరుని పక్కకి పిలిచి అడిగాను. ముప్పై ఏడేళ్ళ కిందటి బిడ్డ గురించి ఇప్పుడు ఖాయంగా చెప్పలేనన్నాడు. కానీ ఘాటు తగిలితే బిడ్డ అప్పటికప్పుడే ఉక్కిరిబిక్కిరి అవుతుంది, వారం తర్వాత నీలమవదు, మీరు చెప్పేదాన్ని బట్టి అదీ ఇదే అయ్యుంటుందన్నాడు. ఇంట్లో ఎవరైనా దగ్గుతూ ఉండేవారా అని అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది. మా అత్త ఆ సీజనంతా దగ్గింది. అందరం ఘాటే అనుకున్నాం. బిడ్డ ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుని, దువా చదివి, ముఖం మీద ఊదేది. నాకు ఈ దువా నేర్పింది ఆమే.

ఆమె చంపిందని నేను అనను. ప్రేమతోనే ఊదింది. ఆమెకు తెలియదు. నాకు తెలుసు. తెలిసి నీ బిడ్డ ముందుకి నేను ఎలా వస్తాను?

ఆ డాక్టరే నా గొంతులో పుల్ల పెట్టి పరీక్షకి పంపాడు. నీ నర్సమ్మ కాగితం మీద చెప్పిందే నిజమైంది. అయిదు రోజుల మాత్రలూ మార్చి ఇరవై నాలుగుకల్లా వేసుకున్నాను. ఇక మీ నుంచి ఎవరికీ అంటదు, ఎక్కడికైనా వెళ్ళొచ్చు అన్నారు. కానీ దగ్గు ఇంకా రోజుకి నాలుగుసార్లు వస్తోంది. వచ్చినప్పుడల్లా నీ బిడ్డ కళ్ళ ముందు మెదులుతుంది. వాళ్ళు అంటదన్నా నాకు ధైర్యం చాలడం లేదు.

వీరమ్మ మనవడు పంతొమ్మిది రోజులు ఉండి ఇంటికొచ్చాడు. చిక్కిపోయాడు కానీ పాలు తాగుతున్నాడు. నా వల్లే వచ్చిందేమో అని వీరమ్మకి నేనే చెప్పాను. వాడి నుంచి నీకు వచ్చిందో, నీ నుంచి వాడికి వచ్చిందో, షెడ్డు నుంచి ఇద్దరికీ వచ్చిందో ఎవరు చూశారు అంది. డాక్టరు కూడా తేల్చి చెప్పలేమన్నాడు. వీరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పిల్లల్ని ఇప్పుడూ తెస్తున్నారు. ముక్కూ నోరూ కొంగుతో కప్పుకుని, దూరంగా కూర్చుని దువా చదువుతున్నాను. ఊదడం లేదు. చదివితే చాలదా, అల్లాకి నా ఊపిరితో పనేముంది. షెడ్డులో ఇద్దరు కడుపుతో ఉన్నారు. మూడో సూది ఉందని చెబితే, నేను నీకు రాసిన మాటలే నాకు అప్పజెప్పారు. వదల్లేదు. వాళ్ళ అత్తల దగ్గరికి కూడా పోయి కూర్చున్నాను. ఒకామె వేయించుకుంది. రెండో ఆమెను సోమవారం నేనే తీసుకెళ్తాను, ఆమె అత్త ఏమంటుందో చూస్తాను.

నువ్వు నా మాట వినకపోవడమే మంచిదైంది. ఈ మాట రాయడానికి నాకు కాగితాలు పాడవలేదు.

నీ అత్త,
ఖాదర్‌బీ


దర్శి,
29 ఏప్రిల్

అత్తమ్మా,

మీ ఉత్తరం ఒంటరిగా చదివాను. అమ్మకి చదివి వినిపించలేదు. ఆయనకి చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. చెబితేనే బాగుంటుందని నాకనిపిస్తుంది. ఆయనకి ఒక అక్క ఉండేదని ఆయనకి తెలియాలి.

మీ మాత్రలు ఎప్పుడు అయిపోయాయో రాసుకుని వెళ్ళి డాక్టరమ్మని అడిగాను. దేవకుమారి సిస్టర్‌ని కూడా అడిగాను. ఇద్దరూ ఒకటే చెప్పారు. మందు అయ్యి నెల దాటింది, ఇక మీ నుంచి సోకదు. మిగిలిన దగ్గు గొంతు మానే దాకా అలా ఉంటుంది, దానికి ఎవరూ భయపడక్కర్లేదు. పైగా బిడ్డకి నా నుంచి వచ్చిన రక్షణ ఉండనే ఉంది. ఇక్కడికి మీరు భయం ఒక్కటే మోసుకుని వస్తారు. అది బిడ్డకి అంటదు.

ఆదివారం మీ అబ్బాయికి లోడు లేదట. పొద్దున్నే బయలుదేరి ఇద్దరూ రండి. దూరం నుంచి చూసి వెళ్ళిపోతానని మనసులో అనుకుంటున్నారేమో, నేను ఒప్పుకోను. తీసుకొచ్చి మీ ఒళ్ళో పెడతాను. నేను పక్కనే కూర్చుంటాను. దగ్గొస్తే ముఖం పక్కకి తిప్పుకోండి, మళ్ళీ ఇటు తిరగండి. బిడ్డను మాత్రం దించనివ్వను. మీరు ఉత్తరాల్లో నన్ను గెలవలేదు, ఎదురుగా కూడా గెలవలేరు.

మీరు ఆ బిడ్డను చంపుకోలేదు. ఈ మాట ఇక్కడ రాస్తున్నాను, ఆదివారం మీ ముఖం చూసి మళ్ళీ చెబుతాను, మీరు నమ్మేదాకా చెబుతాను.

అంత పెద్ద ఉత్తరంలో ఒక్కటి మాత్రం రాయలేదు మీరు. ఆ పాపకి ఏం పేరు పెట్టుకున్నారు? ముప్పై ఏడేళ్ళుగా ఆ పేరు ఎవరి ముందూ పలికి ఉండరు. వచ్చి నాకు చెప్పండి.

మీ కోడలు,
నస్రత్